ఎంగిలి మిషను

నేను ఇదివరకెప్పుడూ ఏమీ రాయలేదు. అయిదో తరగతి దాకే చదివాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు, అందుకని కాగితం మీద పెడుతున్నాను. విసుగెత్తిపోయి పెడుతున్నాను, అదీ ముందే చెప్పేస్తున్నా.

ఎంగిలి మిషను వచ్చాక మా విశాఖపట్నంలో మనుషులు మనుషుల్లా లేరు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఒకరి నోట్లో ఒకరు మిఠాయి పెట్టుకోవడం మానేశారు. పసిబిడ్డని ముద్దాడబోతే తల్లి ముందు మన రక్తం రిపోర్టు అడుగుతోంది. మా ఎదురింటి అక్కాచెల్లెళ్లయితే చిన్నప్పుడు పంచుకున్న పుల్ల ఐసు గురించి ఇప్పుడు మాటలు మానేసుకున్నారు.

నా చెల్లెలు నూకరత్నానికి మల్టిపుల్ స్క్లిరోసిస్. కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా, నరాల మీదా అలాంటి పూత ఉంటుందట. ఒంటిని కాపాడాల్సిన కణాలే పొరపడి ఆ పూతని కొరికేస్తాయట. దాని చేతులు ఇప్పుడు స్పూను కూడా పట్టవు. ఆ పొరపాటుకి మొదలు ఒక వైరస్. ఉమ్ములో ఉంటుంది, ఎంగిలితో పాకుతుంది. మనిషి మారినప్పుడల్లా అదీ కాస్త మారుతుంది, నోరు మారేకొద్దీ పుకారు మారినట్టు. ఆ మార్పులు చూసి ఎవరిది ఎవరికొచ్చిందో మిషను చెప్పేస్తుంది.

డాక్టర్ నిరుపమగారు దాన్ని కనిపెట్టింది పసిపిల్లలకి టీకా తయారుచెయ్యడానికి. జనం పరిగెత్తింది తప్పెవరిదో తేల్చుకోడానికి. అందరికంటే ముందు పరిగెత్తింది రత్నం అత్తగారు అప్పలకొండమ్మ. గ్లాసు పెదవికి తగలకుండా నీళ్లు తాగే మనిషి ఆవిడ. జబ్బు మా పుట్టింటి నుంచే వచ్చిందని రుజువు చేస్తానని రెండు వైపుల వాళ్లనీ ఆటోలెక్కించి తీసుకెళ్లింది.

పెళ్లయిన కొత్తలో రత్నానికి గొంతు వాచి నెల్లాళ్లు జ్వరం కాసింది. వైరస్ దూరింది అప్పుడేనని తేలింది. ఇచ్చింది సన్యాసిరావు, దాని మొగుడు. మొగుడు తిన్న కంచంలోనే తినాలని కోడలికి నేర్పింది ఈ అత్తగారే.

"మొగుడి ఎంగిలి ఎంగిలెలాగవుద్ది? మీ మిషనుకి పెళ్లయిందా ఏటి, దానికేటి తెల్సు" అంది ఆవిడ.

డాక్టరుగారు నవ్వలేదు. ఈ వైరస్ దాదాపు అందరిలోనూ ఉందనీ, జబ్బు మాత్రం ఏ కొందరికో వస్తుందనీ, ఇందులో ఎవరి తప్పూ లేదనీ ఓపిగ్గా చెప్పారు. మీలోనూ ఉందమ్మా అన్నారు. అప్పలకొండమ్మ పైట చెంగుతో నోరు తుడుచుకుంది.

అన్నం కలిపి, వేడి చూసి, ఓ మెతుకు నోట్లో వేసుకుని ఉప్పు చూసి పెళ్లానికి ముద్ద పెట్టేది సన్యాసిరావే. ఆ రోజు నుంచి కంచం ముట్టలేదు. నన్ను పిలిపించాడు. నేను పెడుతుంటే గుమ్మం అవతల నిలబడేవాడు. రత్నానికి నా ముద్ద దిగేది కాదు. "పెద్ద ముద్దలెట్టేస్తున్నావప్పా" అనేది. చిన్నవి పెడితే పిచ్చిక్కి పెడుతున్నావా అనేది. చూస్తుండగానే చిక్కి సగమైంది.

సిగ్గు చంపుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లి అడిగాను.

"ఒకసారి ఒంట్లో చేరిన వైరస్ ఇక పోదమ్మా. ఇప్పుడు ఆయన ఎంగిలితో ఆవిడకి కొత్తగా వచ్చే జబ్బేం లేదు. పెట్టమనండి" అన్నారు.

ఆ మాట మరిదికి చెప్పాను. బుద్ధిగా తలూపాడు. కంచం మాత్రం నా వైపే జరిపాడు. చదువుకున్నవాడే, రైల్వేలో ఉద్యోగం. ఏం లాభం.

"నరాలు పోతే పోనాయి" అంది రత్నం, అతనికి వినపడేలా. "తినిపించే చెయ్యి కూడా అట్టుకుపోయింది ఆ మిషను. గొప్పగా కనిపెట్టారు."

అతను వీధిలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే లేచి ఉప్మా చేశాను. ఉప్పు వెయ్యలేదు. ఒక్క కంచంలోనే పెట్టి, తీసుకెళ్లి మరిది చేతుల్లో పెట్టాను. నాకు ఇంటి దగ్గర పనుందని చెప్పి, మారుమాటకి చోటివ్వకుండా బస్సెక్కేశాను.

బస్సు మద్దిలపాలెం దాటకుండానే ఫోను మోగింది.

"వదినా, ఉప్మాలో ఉప్పు లేదు" అన్నాడు సన్యాసిరావు.

వెనక నుంచి రత్నం గొంతు: "ముందు ఇంకో ముద్దెట్టి, తర్వాత తగువాడుకోండి."

అవును మరిదీ, మరిచిపోయాను అన్నాను.