పరాయి చప్పుడు

మిట్టమధ్యాహ్నం పన్నెండు కావడానికి ఇంకా పదకొండు నిమిషాలు...

సూర్యుడు నడినెత్తిన వెలగవలసిన వేళ ఆకాశం కాటుక పూసుకుంది! ఇంటికప్పుల మీదుగా ఉరుములు దొర్లిపోతున్నాయి. పగలో రాత్రో తేల్చుకోలేని గుడ్లగూబ ఒకటి కరెంటు స్తంభం మీద కూర్చుని కూస్తోంది. వీధిలో దుకాణాలవాళ్ళు గబగబా షట్టర్లు దించేస్తున్నారు. గడియారాల రిపేరు దుకాణం మాత్రం పొద్దుటినుంచీ మూసే ఉంది.

లోపల, నాలుగు గోడలకూ డెబ్బై గడియారాలు... ఒక్కోటీ ఒక్కో వేళ చూపిస్తూ! బల్లమీద ఎర్రగుడ్డ. గుడ్డమీద పుర్రె! దాని ముందు పద్మాసనం వేసుకుని జపం చేస్తున్నాడు యాభై ఎనిమిదేళ్ళ మెకానిక్.

ఆ పుర్రె అతని గురువుది. బతికున్న రోజుల్లో ఆ వృద్ధ సాధకుడు శిష్యుడికి కాలధ్యానం నేర్పాడు. గడియారం ముందు కూర్చుని, చప్పుడుకొక "క్రీం" జపిస్తూ, జారిపోయే ప్రతి క్షణాన్నీ మహాకాళి పాదాలకు సమర్పించుకోవాలి... మృత్యుభయం తొలగిపోతుంది. అంతే పాఠం. చివర్లో ఒక హెచ్చరిక కూడా చేశాడు.

"ఈ మంత్రంతో ఇంకొకళ్ళ ఆయుష్షు జోలికి వెళ్ళకురా! మొదలుపెడితే మధ్యలో ఆపలేవు. అమ్మ ఉత్తచేతులతో వెనక్కి పోదు."

"నీ గుండె మహా అయితే మూడు నెలలు" అని డాక్టరు చెప్పిన రోజున ఆ శిష్యరత్నం హెచ్చరికను గాలికొదిలేసి, అందులోని ఉపాయాన్ని మాత్రం పట్టుకున్నాడు! చావంటే అతనికి అంత భయం.

అతను ఎంచుకున్న బలి ఎవరో బాటసారి కాదు... మేడమీద కాపురముంటున్న సొంత తమ్ముడి భార్య! ఇరవై ఏడేళ్ళ మనిషి, బట్టలు కుట్టి ఇంటికి ఆసరాగా ఉంటోంది. పది రోజుల కిందట తన చేతి వాచీ తెచ్చి అతని బల్లమీద పెట్టింది.

"నాలుగేళ్ళ కిందట మీరు సర్వీసు చేసినప్పటినుంచీ దీని చప్పుడే మారిపోయింది బావగారూ. మా నాన్న నాకోసం కొత్తగా కొనిచ్చిన వాచీ... ఇప్పుడిది నాది కాదేమో అనిపిస్తోంది."

"సర్వీసు చేయాల్సింది నీ చెవులకమ్మా!" అని నవ్వి తీసుకున్నాడు బావగారు.

జపం ఆ రోజే మొదలైంది. రోజురోజుకీ అతని ముఖంలో నిగారింపు... ఆమె జుట్టులో తెలుపు! నాలుగో రోజుకి సూదిలో దారం ఎక్కించలేకపోయింది. ఏడో రోజున మూడేళ్ళ కూతురు ఆమెను చూసి "అమ్మమ్మా" అని పిలిచింది. ఆ మాట విని ఆమె భర్త వంటింట్లోకి వెళ్ళి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇవాళ పదకొండో రోజు. పన్నెండు కొట్టే క్షణాన ఆమె వాచీ మూత విప్పి, లోపల కొట్టుకునే చక్రాన్ని ఆపేయాలి. ఆ చక్రం మొట్టమొదట ఎవరి నాడితో జతకట్టిందో ఆ మనిషి గుండె దానితోపాటే ఆగిపోతుంది. మిగిలిన ఆయుష్షంతా సాధకుడిది!

"క్రీం... క్రీం... క్రీం..."

మేడమీద ఆమె మంచంపైన నిటారుగా లేచి కూర్చుంది! కనుగుడ్లు తెల్లబడ్డాయి. నాలుక "టిక్... టిక్..." మంటోంది!

"ఇంకా నాలుగు నిమిషాలు!" అంది. అది ఆమె గొంతు కాదు.

"ఏమైందే నీకు? ఇటు చూడు, నేనే!" భర్త ఆమె భుజాలు పట్టి కుదిపాడు. లాభం లేకపోయింది. మెట్లమీద పడుతూ లేస్తూ కిందికి పరుగెత్తి షట్టరు బాదాడు. "అన్నయ్యా! తలుపు తియ్యి! అది నాకు దక్కేలా లేదు అన్నయ్యా!"

అన్నయ్య విన్నాడు. విని, జపం వేగం పెంచాడు!

పన్నెండుకు ఇంకా పది సెకన్లు. మెకానిక్ కంటికి భూతద్దం బిగించి, వాచీ మూత ఊడదీసి, పట్టకారు అందుకున్నాడు. షట్టరు సందులోంచి మెరుపు పడింది. ఆ వెలుగులో, చక్రాలన్నీ బిగించిన లోపలి మిషను పలకమీద మూడు చిన్న గీతలు!

ఆ గీతలు తనవే... ముప్ఫై ఏళ్ళ కిందట, మొదటి జీతంతో కొనుక్కున్న కొత్త వాచీలో తను గీసుకున్న గుర్తు!

సర్వీసుకొచ్చిన వాచీల్లో మంచి మిషను కనబడితే కాజేసి, అరిగిపోయింది పెట్టి పంపడం అతని పాత అలవాటు. ఎవరి వాచీలోకి ఏది వెళ్ళిందో అతనికే గుర్తుండదు. నాలుగేళ్ళ కిందట మరదలి వాచీలోని మిషను తన వాచీలోకి ఎక్కించుకుని, తనది ఆమెకు బిగించి ఇచ్చాడు. ఈ పది రోజులూ ఆమె ప్రాణం అతని ఎడమ మణికట్టు మీదే కొట్టుకుంటోంది... ఆమె యౌవనం అతనిలోకి ప్రవహించింది ఆ దారినే! ఇప్పుడు పట్టకారు కింద ఉన్నది మాత్రం అతని గుండె!

ఆపాలనుకున్నాడు. నాలుక ఆగలేదు! "క్రీం... క్రీం..." పళ్ళతో కొరికి రక్తం కక్కినా జపం ఆగలేదు! పట్టకారు దానంతట అదే చక్రంమీదికి వంగింది.

"వద్దు! తల్లీ, వద్దు!" అని లోలోపలే అరిచాడు.

డెబ్బై గడియారాల ముళ్ళూ గిర్రున తిరిగి ఒక్కసారిగా పన్నెండు దగ్గర నిలిచాయి! మేడమీద ఆమె ఆకారం లేచి నిలబడింది. ఆమెలోంచి పిడుగులాంటి కంఠం...

"ఎవరి కాలాన్ని ఎవరికి రాసుకున్నావురా? అంతా నాదే!"

చక్రం ఆగింది! ఘోరమైన కేక ఒకటి వీధంతా ప్రతిధ్వనించి అణగిపోయింది.

తమ్ముడు షట్టరు బద్దలుకొట్టి లోపలికి వచ్చేసరికి, బల్లముందు ఒక చొక్కా, గుప్పెడు బూడిద, అన్నయ్య పెట్టుకునే చేతి వాచీ మిగిలాయి. పుర్రె నేలమీద రెండు ముక్కలై పడి ఉంది. గోడమీద ఒక్క గడియారమూ నడవడం లేదు.

మెట్లమీద అడుగుల చప్పుడైంది. అతని భార్య! నల్లని జడ, చంకలో కూతురు. ఆ పిల్ల ఆమె మెడ గట్టిగా వాటేసుకుని "అమ్మా, అమ్మా" అంటోంది. అతను ఇద్దరినీ కలిపి గుండెలకు హత్తుకున్నాడు.

బూడిదలో ఆ వాచీ ఇంకా నడుస్తూనే ఉంది. ఆమె వంగి తీసి, కొంగుతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకుంది. చాలాసేపు విన్నది.

"ఇదేనండీ..." అంది, కళ్ళనిండా నీళ్ళతో. "మా నాన్న ఇచ్చిన వాచీ చప్పుడు."