కార్డు ఉన్నంతవరకు

పొద్దున తొమ్మిదింటికి చిక్కపేట మెట్రో మెట్ల మీద మన ఏజెంట్ దీపక్‌ని కాల్చేశారు. అతని సాక్సులో దొరికిన చీటీలో ఐదే లైన్లు.

కార్డు ఉన్నంతవరకు:
తర్వాతి పేరు తీసుకో.
రెండు నిమిషాలు ఆగు.
పేరు పంపు.
మళ్ళీ మొదటి లైన్‌కి రా.

"శత్రు ముఠా ప్రోగ్రామ్‌కి ఇది సూడోకోడ్, అంటే మామూలు మాటల్లో రాసుకున్న చిత్తు," అన్నాడు చీఫ్. "మన సీక్రెట్ ఏజెంట్లు నలభై మంది పేర్లు దొంగిలించారు. పన్నెండింటి నుంచి ఒక్కో పేరూ ముఠా ఫోన్లన్నిటికీ వెళ్తుంది. ఆ పేర్లున్న మెమరీ కార్డు పెట్టిన మెషిన్ నగర్తపేట గోడౌన్లో ఉంది. ఆపు."

ఏజెంట్ జ్ఞానప్రకాశం చీటీని ఒక్కసారి చూశాడు. "ఇంతేనా? కార్డు పీకితే సరి."

లాజిక్‌లో తనకు తిరుగులేదని అతని ధీమా. ఆ ధీమాయే కొంప ముంచింది.

పన్నెండు దాటి ఇరవై సెకన్లు. హమాలీ వేషంలో బట్టల మూటతో లోపలికి దూరిన ప్రకాశం, ఉంగరంలోని మత్తు సూదితో కాపలావాణ్ణి పడగొట్టాడు. స్క్రీన్ మీద 'మొదటి పేరు తీసుకున్నాను, ఆగుతున్నాను' అని ఉంది. పక్కనే కరెంటు వైరు, జేబులో కట్టరు. వైరు కోస్తే సాక్ష్యం పోతుందని కార్డే పీకాడు.

అప్పుడే ఇయర్‌పీస్‌లో వర్షిణి పలికింది. మూడేళ్ళుగా ముఠా మనిషిలా నటిస్తున్న మన డబుల్ ఏజెంట్. చిక్కపేట చీరల కొట్లో ముఠా బాస్‌ని కబుర్లతో కూర్చోబెట్టి, పట్టుచీర కట్టి చూసుకునే నెపంతో లోపలి గదిలోకి వచ్చింది. జుంకాలో మైకు.

"కార్డు తీస్తివా అప్పా? నేను వచ్చేసేదా?"

"తీశాను. ఆగిపోయింది. టీమ్ వచ్చేదాకా వాణ్ణి కదలనివ్వకు."

"సరేప్పా. వాని ఎదురుగా కూర్చుంటే దిగులుగా ఉండాది. బిరీన రాండి," అని వెళ్ళి కూర్చుంది.

వెంటనే ఆఫీసు నుంచి ఫర్హానా. కోడ్ చదవడం ఆమె పని. "సార్, కార్డు తీసినప్పుడు ఏ లైన్‌లో ఉంది?"

"ఆగు అన్న లైన్‌లో."

"అయితే ఆ పేరు వెళ్ళిపోతుంది సార్. కార్డు ఉందో లేదో మొదటి లైన్‌కి వచ్చినప్పుడే చూస్తుంది. వాన లేనంతవరకు చీరలు ఆరేయమంటే మనం చినుకు పడగానే మానేస్తాం. మెషిన్ అయితే చేతిలో ఉన్న చీర ఆరేశాకే ఆకాశం చూస్తుంది."

ప్రకాశం కట్టరు తీసేలోపే స్క్రీన్ మారింది. 'పంపాను: వర్షిణి. కార్డు లేదు. ముగిసింది.'

"వర్షిణీ, పారిపో."

ఇయర్‌పీస్‌లో ఎవరిదో ఫోన్ మోగింది. కుర్చీ జరిగింది.

"ఆగిందంటివి కదప్పా," అంది వర్షిణి మెల్లగా.

ఆ వెంటే తుపాకి పేలింది. ప్రకాశం ఆ మూట మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ముప్పైతొమ్మిది మంది బతికారు. బాస్ దొరికాడు. ఢిల్లీ నుంచి అభినందనలు వచ్చాయి. రిపోర్టులో 'పొరపాటు ఎవరిది' అన్న చోట మెషిన్ అని రాసెయ్యమన్నాడు చీఫ్.

"పాపం మెషిన్ ఏం చేసింది సార్? చెప్పింది చెప్పినట్టే చేసింది," అన్నాడు ప్రకాశం. "వర్షిణి కూడా అంతే."