రెండుసార్లు తడితే

తెనాలి నుంచి కొలకలూరు వెళ్లే దారిలో ఉన్న ఎజ్రా రిపేరు షెడ్డుకి ఆ మధ్యాహ్నం ఒక క్యారవాన్ బండి వచ్చింది. మంచం, పొయ్యి, బాత్‌రూము అన్నీ అందులోనే. వానొస్తే మాత్రం కింద ఉన్న సామాన్ల డిక్కీలోకి నీళ్లు కారుతున్నాయట. బండి సావిత్రి అనే రిటైరైన టీచరుగారిది. చీకటి పడేలోపు సూర్యలంక చేరాలని ఆవిడ తొందర.

"మీ పేరు విని రేపల్లె నుంచి వచ్చానండి. డిక్కీలో దూరి మరీ చూస్తారటగా?"

"అవునండి" అని ఎజ్రా నేలచూపులు చూశాడు.

దూరేది ఎజ్రా కాదు, బావమరిది జాన్సన్. అతను లోపల పడుకుంటే ఎజ్రా తలుపు మూసి బయట పైపుతో నీళ్లు కొట్టేవాడు. నీళ్లు దిగే చోట జాన్సన్ లోపల్నుంచి ఒకసారి తట్టేవాడు. రెండుసార్లు తడితే, తలుపు తీయమని. ఇరుకన్నా చీకటన్నా ఎజ్రాకి చచ్చేంత భయం. పేరు మాత్రం ఎజ్రాది.

పోయిన నెల జాన్సన్ కామెర్లతో పోయాడు. సమాధి గుంటలో అందరూ పిడికెడు మట్టి వేశారు. ఆ గుంటలోకి చూసే ధైర్యం లేక ఎజ్రా సమాధుల తోట గేటు దగ్గరే ఉండిపోయాడు. భార్య రాహేలు ఇంతవరకూ ఆ మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండేదనిపిస్తుంది అతనికి.

ఖాళీ డిక్కీ మూసి, టీచరుగారికి చూపించడానికి ఊరికే పైపు పట్టాడు. మబ్బు కమ్మింది. తడి రబ్బరు వాసన... నీళ్లు ఒక మూల పడ్డాయి.

టక్.

పైపు పక్కకి జరిపాడు. చప్పుడు లేదు. మళ్లీ ఆ మూలకే...

టక్.

"లోపల మనిషున్నాడా?" సావిత్రి గొంతు తగ్గించి అడిగింది.

"లేదండి. ఎవరూ లేరు."

ఆ మాట అంటుంటే ఎజ్రా ముఖం చిన్నబోయింది. ఆ మూల తలుపు అంచు రబ్బరు కింద నిజంగానే సన్నటి చీలిక ఉంది. తుడిచి, ఆరబెట్టి, సిలికాన్ జిగురు పెట్టాడు. అప్పుడు...

టక్... టక్.

చెయ్యి గొళ్లెం దాకా వెళ్లింది. సందులోంచి తడిమట్టి వాసన. తీస్తే ఏం కనిపిస్తుందో... తాళం వేసేశాడు.

"అయిపోయిందండి. బయల్దేరండి."

బండి కదులుతున్నా జాన్సన్ లోపల తడుతూనే ఉన్నాడు. రెండేసిసార్లు. ఎజ్రా మళ్లీ అలాగే, షెడ్డు గేటు దగ్గరే నిలబడి, సిగ్గుతో ఏడ్చాడు.

పొద్దుగూకుతుంటే ఫోనొచ్చింది.

"బాపట్ల దాటినా వానేనండి. డిక్కీలో చుక్క లేదు! కాకపోతే లోపల పిడికెడు మట్టి ఉందేంటండి? మీరు వేశారా?"

"నేను... వేయలేదండి."

టక్... టక్.

"మేడమ్, ఆ డిక్కీ మూయకండి! ఎవరో తడుతున్నారు..."

"ఇక్కడేం లేదండి. ఆ చప్పుడు మీ దగ్గర్నుంచే వస్తోంది."

ఎజ్రా మెల్లగా వెనక్కి తిరిగాడు. షెడ్డులో ఉన్నది మనిషి పట్టేంత పనిముట్ల ఇనప్పెట్టె ఒక్కటే. దానికి అతనెప్పుడూ గొళ్లెం పెట్టడు.

ఇప్పుడు పెట్టి ఉంది.