నెలకో బెత్తెడు

మా చుక్క మొదటిసారి దడి దూకిన రోజునే నూకరత్నం నన్ను మొదటిసారి తిట్టింది.

చుక్క అంటే మా పిల్ల గుర్రం. మా నాన్న పలాస స్టేషనుకి జట్కా తోలేవాడు. ఆ జట్కా గుర్రానికి పుట్టింది. నుదుట తెల్లచుక్క, పొడుగు కాళ్ళు. జట్కాకి కడితే జట్కానే ఎత్తేసేది. దానికి నాలుగో ఏడు వచ్చాక నాన్న విసిగిపోయి, "ఎక్కుతావో అమ్ముతావో నీ ఇట్టం" అని పగ్గం నా చేతిలో పెట్టాడు.

రత్నం మా దానయ్య మావ కూతురు. మావ మా అమ్మకి తమ్ముడు. ఆయన కొబ్బరితోటా మా తోటా పక్కపక్కనే. మధ్యలో మొలెత్తు మట్టల దడి. దడిలో ఒక సందు. మా వాళ్ళలో అయినవాళ్ళ తోటల మధ్య సందు ఉంచుతారు. పిల్లనిచ్చి పుచ్చుకునే మాట ఉందని దానికి అర్థం. సందు మూశారంటే ఇక ఆ మాట ఎత్తొద్దని.

వైశాఖ మాసం. సముద్రం మీంచి మబ్బు కమ్ముకొస్తోంది. రత్నం ఎండబోసిన జీడిపిక్కలు గబగబా చేటలోకి ఎత్తుతోంది. నేను చుక్క మీద సందు దగ్గరకి వస్తున్నాను. ఉరుము ఉరిమింది. చుక్క సందు వదిలేసి దడి మీంచే ఎగిరింది. నేను జీడిపిక్కల మధ్య వెల్లకిలా పడ్డాను.

"దారుండగా దడి మీంచి వత్తావేటి బావా? కళ్ళు కనబడవేటి?"

నేను ఒంటికంటిన పిక్కలు దులుపుకున్నాను.

"నోట్లో ఏటి పెట్టుకున్నావు, జీడిపిక్కా?"

వాన మొదలైంది. నేను లేచి ముందు చుక్క కాళ్ళు తడిమి చూశాను. "దెబ్బ తగిలిందేటే బంగారం? అదిరిపోనావేటే?" అన్నాను దాంతో.

రత్నం చేట నెత్తిన పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. చేట అంచు నుంచి నీళ్ళు ఆమె ముక్కు మీద పడుతున్నాయి.

"దాంతో అయితే ఇన్ని మాటలొత్తాయి నీకు," అని గిర్రున తిరిగి వెళ్ళిపోయింది.

కోపం అనుకున్నాను.

ఆ వానలు తగ్గకముందే తిరుపతిరావు దిగాడు. వాడు రత్నం తల్లి కాంతమ్మత్తకి అన్న కొడుకు. టెక్కలిలో గుర్రాల లాయంలో గుమాస్తా. క్రాపు, బూట్లు, సైకిలు. వరసకి వాడూ రత్నానికి బావే, నేనూ బావనే. దడికి అటువైపు నుంచి "బావా!" అని వినబడితే నేను తలెత్తేవాణ్ణి. వాడు "ఓయ్" అని పలికేవాడు.

ఆ "ఓయ్" వింటే నాకు రాత్రి అన్నం సయించేది కాదు.

"మంచి గుర్రం వరహాలూ," అన్నాడు వాడు ఒకనాడు సందు దగ్గర నిలబడి. "మాఘమాసంలో టెక్కలి మైదానంలో గుర్రాలు కర్రలు దూకే పోటీ ఉంది. జీతానికి స్వారీ చేసేవాళ్ళు పనికిరారు. సొంత గుర్రం, సరదా స్వారీ. ఆఖరి కర్ర నాలుగడుగులు. నీ గుర్రం దూకుద్ది. దూకేటప్పుడు నువ్వు దాని మీద ఉంటావో లేదో, అదే డౌటు."

రత్నం పకపకా నవ్వింది. నన్ను చూసి నవ్వితే నాకు బాధ లేదు. వాడి మాటకి నవ్వింది.

ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాను. వాడి మైదానంలో, వాడి కళ్ళ ముందు, ఆ కర్ర దూకాలి. రత్నం చూడాలి.

తెల్లారగట్ల భావనపాడు ఒడ్డున తడి ఇసుకలో చుక్కని నడిపించేవాణ్ణి. కాళ్ళకి బలం. తర్వాత పొడి ఇసుకలో పరుగు. రెండు తట్టల మీద పడవ తెడ్డు పెట్టి దూకించేవాణ్ణి. జాలర్లు వలలు ఒగ్గేసి నవ్వేవారు. ఇంటికొచ్చాక ఉడకబెట్టిన ఉలవలు. గోనెపట్టా మీదే స్వారీ.

తిరుపతిరావు పాత జీను ఒకటి పంపాడు. రత్నం సందులోంచి మోసుకొచ్చింది.

"తిరుపతిబావ ఇమ్మన్నాడు. గోనె మీద కూకుంటే జారిపోతావట."

"నాకొద్దు."

"ఏం?"

వాడు కూర్చున్న జీను మీద నేను కూర్చోనని ఎలా చెప్పను? చెప్పలేదు. ఆ వారంలో మూడుసార్లు పడ్డాను. నాలుగోసారి మోచెయ్యి వాచింది. అప్పుడు వెళ్ళి జీను తెచ్చుకున్నాను.

తిరుపతిరావు ఆదివారం ఆదివారం రావడం మొదలెట్టాడు. రత్నం బొండాం కొట్టి ఇచ్చేది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని గంటలకొద్దీ మాటలు. వాడు చేతులతో ఎత్తు చూపిస్తాడు. ఈమె తలాడిస్తుంది. ఏం చూపిస్తున్నాడు? కట్టబోయే ఇంటి ఎత్తా? చేయించబోయే మంచం ఎత్తా? నేను మట్టల మధ్యనుంచి చూసి చూసి, కళ్ళలో పుల్లలు గుచ్చుకుని, ఇంటికి పోయేవాణ్ణి.

దీపావళి వెళ్ళిన నాలుగో నాడు పొద్దున్న చూద్దును గదా, దడిలో సందు లేదు.

కొత్త మట్టలతో గట్టిగా కట్టేసి ఉంది. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. మా అమ్మ వచ్చి చూసి కళ్ళు ఒత్తుకుంది. "మా తమ్ముడికి టెక్కలి అల్లుడు దొరికేడు గావాల," అంది. అడుగుదామని అమ్మా అనలేదు, నేనూ అనలేదు. మూసినవాళ్ళని ఎందుకు మూశారని అడిగే ఆచారం మా వైపు లేదు.

నాకు కసి పుట్టింది. చుక్కని వెనక్కి నడిపించి, దడికి తిప్పి, దూకించాను. అటు తిరిగి ఇటు దూకించాను. రోజూ తెల్లవారగానే ఇదే పని. నెల తిరిగేసరికి దడి బెత్తెడు పెరిగింది. పుష్యమాసానికి ఇంకో బెత్తెడు. ఆ తర్వాత ఇంకోటి. మీరెంత ఎత్తు కడతారో కట్టండి అనుకున్నాను. చుక్క ముందు కాళ్ళు మడిచి, మెడ చాచి, రొమ్మెత్తు దడి మీంచి గాలిలా పోయేది.

ఒకటి రెండు సంగతులు వింతగా ఉండేవి. ఎవరి దడికైనా పైవరసలో ముళ్ళకంప పెడతారు, దీనికి ఎప్పుడూ ముళ్ళుండేవి కావు. అటువైపు చుక్క దిగేచోట మన్ను గుల్లగా తవ్వి ఉండేది. ఆనపపాదు పెట్టబోతున్నారు, తిరుపతిరావుకి ఆనపకాయ ఇష్టం గాబోలు అనుకున్నాను. ఆ ఏడంతా నేను ఆనపకాయ ముట్టలేదు.

పోటీ రోజు వచ్చింది. ఆరు గుర్రాలు. మూడు ముందే కర్రలు పడేశాయి. ఇంకా ఒక ప్లీడరుగారిదీ, ఉప్పు కొఠార్ల ఆసామిదీ, మాదీ మిగిలాయి. ఆఖరి కర్ర, నాలుగడుగులు. కర్రలు కొలిచే పని తిరుపతిరావుదే. కొలిచి వెళ్ళి షామియానాలో నిలబడ్డాడు. అక్కడే మావ, అత్త, రత్నం. ముదురాకుపచ్చ చీర. వాడు వంగి ఆమె చెవిలో ఏదో అన్నాడు. ఆమె తలూపింది.

నేను చుక్కని వదిలాను. నా కళ్ళు కర్ర మీద లేవు, షామియానాలో ఉన్నాయి. గుర్రానికి తెలిసిపోతుంది. కర్ర ముందు చుక్క నాలుగు కాళ్ళూ తన్నిపెట్టి ఆగిపోయింది. జనం ఘొల్లుమన్నారు.

ఇంకొక్క అవకాశం. నేను చుక్క మెడ మీదికి వంగాను. "నాదే తప్పే బంగారం. పద," అన్నాను. ఈసారి కర్రనే చూశాను. చుక్క లేచింది. కర్రకీ దాని కాళ్ళకీ మధ్య బెత్తెడు ఖాళీ కనబడిందని తర్వాత జనం చెప్పారు.

ఉప్పు కొఠార్ల గుర్రం కర్ర పడేసింది. కప్పు ప్లీడరుగారికి. ఒకసారి ఆగినందుకు మాకు రెండో బహుమతి. ఎర్ర రిబ్బను.

రిబ్బను కట్టించుకుని వస్తుంటే దానయ్య మావ ఎదురొచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏరా అల్లుడా! మాకు దారి మూసీసి, మా తోట మీంచే గుర్రం దూకిత్తావా? పిల్ల వద్దంటే వద్దని నోటితో సెప్పకూడదేటి? అప్ప కడుపున పుట్టినోడివని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇంక కాదు. ఇయ్యాలే తిరుపతికి తాంబూలం ఇచ్చేత్తన్నాను."

"నేను మూసేనా? మూసింది నువ్వు గదా మావా!"

"నానా?"

మావ నన్ను చూశాడు. నేను మావని చూశాను. తిరుపతిరావు రత్నాన్ని చూశాడు. రత్నం కాలి బొటనవేలితో ఇసుక గీస్తోంది.

"నానే," అంది.

"ఓసి గుంటా!" అంది కాంతమ్మత్త.

"ఆఖరి కర్ర నాలుగడుగులన్నాడు గదా తిరుపతిబావ. ఒక్కపాలి పెంచితే గుర్రం బెదిరిపోద్దట, కొంచెం కొంచెం పెంచాలట. దిగేచోట మన్ను గుల్లగుండాలట. అన్నీ అడిగి తెలుసుకున్నాను. సందుంటే అది సందులోంచే పోద్ది, దడెందుకు దూకుద్ది? అందుకే మూసేను. ముళ్ళు నేకుండా కట్టేను."

"మరి నాతో సెప్పొచ్చు గదా?" అన్నాను.

"నువ్వు అడగొచ్చు గదా?" ఆమె తలెత్తింది. కళ్ళు నిండి ఉన్నాయి. "'రత్నం, సందెందుకు మూసేవు?' ఒక్కమాట! రోజూ పొద్దున్న పశువులశాల సాటున నిలబడి ఎదురుసూసేదాన్ని. దూకుతావు, దాన్ని ముద్దెట్టుకుంటావు, ఎల్లిపోతావు. ఆ గుర్రాన్నే సేసుకోరాదూ!"

తిరుపతిరావు టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "ఇన్ని ఆదివారాలు సైకిలు తొక్కుకుని వచ్చాను మావా. గుర్రం సంగతి తప్ప ఇంకోటి అడగలేదు. పిల్లకి గుర్రాలంటే ఇష్టమనుకున్నాను. ఇందాక కూడా 'నీ బావ దూకుతాడా' అంటే దూకుతాడనే తలూపింది."

మావ నా వైపు తిరిగాడు.

"సరే. ఇప్పుడేటంటావు? బుర్రూపితే నానొప్పుకోను. నోటితో అను."

నాలుగడుగుల కర్ర దగ్గర నాకు అంత భయం వెయ్యలేదు. చుట్టూ జనం. ఎదురుగా తిరుపతిరావు. చుక్క నా భుజాన్ని ముక్కుతో పొడుస్తోంది.

"రత్నాన్ని నాకియ్యి మావా."

"ఎనబడనేదు."

"రత్నాన్ని నాకియ్యి!" అని అరిచాను. ప్లీడరుగారి గుర్రం బెదిరి రెండడుగులు వెనక్కి వేసింది.

మావ నవ్వాడు. ఆయన నవ్వడం ఆ ఏడాదిలో నేను అప్పుడే చూశాను.

పొద్దు వాలుతుండగా ఇంటిదారి పట్టాం. వాళ్ళు ఎడ్లబండిలో, నేను పక్కనే చుక్క మీద. రత్నం బండి వెనకాల కాళ్ళు వేలాడేసి కూర్చుంది. సంతబొమ్మాళి దాటేదాకా ఆగి, ఉండబట్టలేక అడిగాను.

"తిరుపతిరావుని పెళ్ళికి పిలవాలా?"

"పిలవాల మరి. ఇంత సదువు సెప్పినోడు. వత్తే 'బావా' అనే పిలుత్తాను. ఏటంటావు?"

నేను చుక్క మెడ మీదికి వంగి దాని చెవిలో ఒక మాట చెప్పుకున్నాను.

"ఆగు!" అంది రత్నం బండి మీంచి దూకి, కళ్ళెం పట్టుకుని. "దానికేటి సెప్పేవు? నాకూ సెప్పు."

వంగి ఆమె చెవిలో కూడా అదే మాట చెప్పాను. ఎద్దుల గంటల చప్పుడులో మావకి వినబడలేదనే అనుకుంటున్నాను.