మెషిన్ రూములో బీర మొలకలు

“ఈ చలికి మనుషులే ముడుచుకుపోతున్నారు, బీర గింజ మొలుస్తుందంటావా?” అంది తల్లి, సామాన్ల పెట్టెలు ఒక్కటైనా విప్పకముందే.

“ముందు లోపలికి రా అమ్మా. తాళం తీసి రెండు నిమిషాలు కాలేదు.”

“మొలవకపోతే ఏం చేస్తాం?”

“కొనుక్కుంటాం.”

“ఇక్కడ దొరక్కపోతే?”

అమ్మాయి పెట్టెలు లోపలికి లాగసాగింది. తల్లి అడిగే ప్రతి ‘పోతే’కీ జవాబు చెబుతూ కూర్చుంటే తెల్లారినట్టే.

ఆ అమ్మాయిది కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేసే పని. ఎండలు మండిపోయే ఊరి నుంచి కొండ మీది ఈ చలి ఊరికి బదిలీ చేశారు. పిల్లనొక్కదాన్నే పంపితే ఏమైపోతుందోనని తల్లి కూడా బయల్దేరింది, పాత చీర ముక్కలో విత్తనాల మూట కట్టుకుని. నాలుగో అంతస్తులో ఇల్లు. ముందు అద్దాలు బిగించిన బాల్కనీ. ఆరు కుండీలు పట్టే ఆ చోటు చూశాకే ఆవిడ ముఖంలోకి కాస్త నెత్తురొచ్చింది.

పిల్ల తండ్రి కరెంటు లైన్‌మన్. పదకొండేళ్ల కిందట, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం స్తంభం ఎక్కినవాడు తన కాళ్లతో దిగలేదు. అప్పటినుంచీ ఆ ఇంట్లో భయం కూడా ఒక మనిషే. దానికీ ఒక పీట, దానికీ ఒక కంచం.

మర్నాడు అమ్మాయి కుండీల కోసం మట్టి తెచ్చింది. రెండు సంచులు పైకి చేర్చి మూడోదాన్ని లిఫ్టులోకి ఈడవబోతే, గడప దగ్గర ఎవరో మోకాళ్ల మీద కూర్చుని బ్రష్షుతో గీకుతున్నారు.

“ఆ మట్టి మహాతల్లి మీరేనా?” అన్నాడతను తలెత్తకుండానే.

“ఏ మట్టి?”

“ఇదిగో, ఈ మట్టి.” తలుపు జరిగే గాడిలోంచి గుప్పెడు తీసి చూపించాడు. “తలుపు మూసుకోక లిఫ్టు పొద్దున్నుంచి మొత్తుకుంటోంది. ఫోన్లన్నీ నాకే.”

“తుడిచేస్తాను లెండి. దానికి అంత అరవాలా?”

“నేనెక్కడ అరిచానండీ? అరిచింది లిఫ్టు.”

ఆమెకు నవ్వొచ్చింది గానీ పంటి కింద నొక్కిపట్టింది. అతని నడుముకు పనిముట్ల పట్టీ, బుగ్గ మీద గ్రీజు గీత. పక్కపక్కనే ఉన్న నాలుగు బిల్డింగుల లిఫ్టులూ అతనే చూసుకుంటాడట. కింద గేటు పక్క గదిలోనే ఉంటాడట.

“ఇంతకీ ఏం పెడుతున్నారు?”

“బీర.”

“ఈ నెలలోనా!”

“మా దగ్గర ఈ నెలలోనే పెడతారు.”

“మీ దగ్గర ఎండ ఉంది కాబట్టి పెడతారు. ఇక్కడి మట్టి ముట్టుకుని చూడండి, ఐసుముక్కే. దాంట్లో బీర గింజ వేస్తే మొలవదు, కుళ్లుతుంది.”

“మీరు లిఫ్టులు చూస్తారా, జాతకాలు చూస్తారా?” అని సంచి ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది.

గింజలు పెట్టారు. పన్నెండో రోజున తల్లి వేలితో మట్టి కదిపి చూస్తే, ఒక్కొక్కటీ మెత్తగా చితికిపోయింది. “నేను ముందే అనలేదూ?” అని ఆవిడ అనలేదు. అలా అనకపోవడమే అమ్మాయికి మరీ గుబులు పుట్టించింది. మూటలో మిగిలినవి ఇరవై మూడు బీర గింజలు. తల్లి వాటిని అరచేతిలో పోసుకుని, వదిలొచ్చిన ఊరితో తనకున్న చుట్టరికమంతా అవేనన్నట్టు చూస్తూ కూర్చుంది.

అమ్మాయి నాలుగంతస్తులూ మెట్ల మీదుగా దిగింది. ఓడిపోయిన ముఖం సర్దుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి మరి.

“కుళ్లాయా?” అన్నాడు మెకానిక్ ఆమెను చూడగానే.

“కుళ్లాయి.”

“అయితే జాతకం కలిసింది. రండి.”

డాబా మీదికి తీసుకెళ్లి, మూల ఉన్న చిన్న గది తాళం తీశాడు. లిఫ్టు మోటారు, దాన్ని నడిపే కరెంటు పెట్టె ఉండే మెషిన్ రూము అది. బయట చలి ఎముకలు కొరుకుతుంటే, లోపల అప్పుడే వార్చిన అన్నం గిన్నె పక్కన కూర్చున్నట్టు వెచ్చగా ఉంది. గోడకు ఒక బల్ల. బల్ల మీద ట్రేల నిండా పచ్చటి టమాటా నారు, మిరప నారు.

“ఇక్కడ ముల్లంగి, క్యాబేజీ, బఠానీ అయితే నేలే పెంచేస్తుంది, మన ప్రమేయమే అక్కర్లేదు. ఎండ మొక్కలకి మాత్రం పురిటి గది కావాలి. మొలిచి నాలుగాకులు వేసేసరికి చలి తగ్గుతుంది. ఆపైన మీ అద్దాల బాల్కనీ చాలు.”

“మోటారు వేడితో నారు పోస్తారా!”

“ఊరికే పోయే వేడేగా. మా పైవాళ్లకి తెలిస్తే మాత్రం నా పని గోవిందా.”

ఇరవై మూడు గింజలనూ నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి ఆ బల్ల మీద ఉంచారు. రెండో తాళంచెవి ఆమె చేతికిస్తూ ఒక్కమాట గట్టిగా చెప్పాడు.

“లోపల చుక్క నీళ్లు పోయొద్దు. బయటికి తెచ్చి తడపండి, బాగా ఓడ్చి లోపల పెట్టండి. బల్ల కింద కరెంటు పెట్టె ఉంది.”

ఆమె రోజూ పొద్దున షాపుకెళ్లే ముందు డాబా ఎక్కసాగింది. అతనికీ సరిగ్గా ఆ టైములోనే మోటారుకు నూనె పెట్టాలని గుర్తొచ్చేది. ఒకరోజు వాన పట్టుకుంది. రేకుల మీద వాన హోరుకు మాట వినపడక ఇద్దరూ గుమ్మంలో దగ్గరగా జరిగి నిలబడాల్సి వచ్చింది. వాన తగ్గింది. ఇద్దరిలో ఎవరూ వెనక్కి జరగలేదు.

ఒక మధ్యాహ్నం అతను కళ్లద్దాల షాపుకే వచ్చాడు, చూపు ఆనట్లేదని. ఆమె అక్షరాల అట్ట చూపించింది. పై వరసే తడుముకుంటున్నాడు.

“మీ చూపు నిక్షేపంలా ఉంది. ఎందుకీ అబద్ధాలు?”

“చదివేస్తే పంపించేస్తారుగా.”

ఆమె అట్ట వెనక ముఖం దాచుకుంది. అట్ట పైనుంచి కళ్లు మాత్రం దాగలేదు.

ఆరో రోజున గింజలు నోరు తెరిచాయి. మొలకలను చిన్న కప్పుల్లోకి మార్చిన సాయంత్రం మెకానిక్ క్యాబేజీ నారు పట్టుకుని వాళ్లింటికి వచ్చాడు. తల్లి అతనికి ఊపిరి సలపనివ్వలేదు. పురుగు పడితే? మంచు పడితే? అద్దం పగిలితే? అన్నిటికీ “ఏం కాదు ఆంటీ” అని ఊరుకోకుండా, ఏమైతే ఏం చెయ్యాలో ఓపిగ్గా చెప్పాడు.

అతను వెళ్లాక తల్లి ఆలోచనలో పడింది.

“మంచివాడే గానీ, నన్ను పిన్నీ అనడేమే? పాలవాడి దగ్గర్నుంచి ఈ బిల్డింగులో అందరూ పిన్నీ అనేస్తుంటే, ఇతనొక్కడూ ఆంటీ ఆంటీ అని ఇంగ్లీషు.”

అమ్మాయి బుగ్గలు వేడెక్కాయి. ఆవిడ పిన్ని అయితే తను చెల్లెలైపోదూ!

తల్లి ఆ బుగ్గలు చూసింది. ఆవిడ గొంతు దిగిపోయింది. “కరెంటు తీగల మధ్య బతికే మనిషి. కట్టుకున్న దానికి రోజూ గండమే. ఆ రాత నాతోనే పోవాలి.”

దాంతో అమ్మాయి నోటికి తాళం పడింది.

మర్నాడే అతను అడిగాడు, డొంకతిరుగుడు లేకుండా. “మీ అమ్మగారితో మాట్లాడనా?”

“నేనే చెబుతాను,” అంది.

చెప్పలేదు. అన్నం తినేటప్పుడు చెబుదామనుకుంటే పొలమారేది. బట్టలు మడతపెట్టేటప్పుడు చెబుదామనుకుంటే తల్లి పెట్టెలోంచి నాన్న చొక్కా బయటికి తీసేది. అలా ఎనిమిది రోజులు గడిచాయి.

“గింజలే ఆరో రోజుకి నోరు తెరిచాయి,” అన్నాడు అతను. నవ్వాడు గానీ, ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. “కాదంటే కాదనైనా చెప్పండి. రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నట్టుంది నాకు.”

ఆదివారం పొద్దున మబ్బు కమ్మి, గాలి కోసేస్తోంది. అమ్మాయి డాబా ఎక్కి చూస్తే కప్పుల్లో మట్టి ఎండిపోయి ఉంది. ఒక మొలక మెడ వాల్చేసింది. ట్రే బయటికి తేవాలని తెలుసు. కానీ ఈ గాలిలోనా? ఆ లేత కాడలు రెండు నిమిషాలకే చచ్చిపోతే? తల్లి దగ్గర ఇక గింజలు కూడా లేవు. ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అని లోపలే సీసా వంచింది. తొందరలో ఎక్కువై నీళ్లు కప్పులు దాటి, ట్రే దాటి, బల్ల సందులోంచి కిందికి కారాయి.

‘టప్’మంది. మోటారు ఆగిపోయింది. గది నిండా కాలిన వాసన.

మరుక్షణం కిందనుంచి కేక వినిపించింది. ఆ గొంతును ఆమె వెయ్యి గొంతుల్లో పోల్చుకోగలదు.

అమ్మ! బజారు నుంచి వస్తూ లిఫ్టులో ఉంది!

మెకానిక్ మెట్ల మీద పరుగెత్తుకొచ్చాడు. తడిసిన ట్రే చూశాడు, ఆమె ముఖం చూశాడు.

“లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగింది. మీరు నాలుగో అంతస్తు తలుపు దగ్గర నిలబడండి. నేను ఫోన్ చేస్తాను, కట్ చెయ్యకుండా స్పీకర్లో పెట్టండి. నేను ఇక్కడినుంచి చేత్తో చక్రం తిప్పి పైకి తెస్తాను. ఆవిడతో మాట్లాడుతూనే ఉండండి.”

అమ్మాయి తలుపు సందుకు నోరు ఆనించింది.

“అమ్మా! నేనున్నాను. భయపడకు.”

“తాడు తెగిపోతే?”

“తెగదమ్మా. ఐదు తాళ్లుంటాయి.”

“ఐదూ తెగిపోతే? గాలి అందకపోతే? నాకేమన్నా అయితే నువ్వెలా బతుకుతావే ఈ పరాయి ఊళ్లో? ఏడీ ఆ లిఫ్టబ్బాయి? ఇదేనా అతని పనితనం?”

ఫోన్లోంచి అతని గొంతు వచ్చింది. “నాదే తప్పు ఆంటీ. నా నారు ట్రే నీళ్లు పెట్టెలో పడ్డాయి.”

“విన్నావుటే! నీళ్లనీ కరెంటునీ ఒకచోట పెట్టాడట! మనిషి ప్రాణమంటే లెక్కలేదు. రేపే కంప్లెయింటు రాసి పడేస్తాను. ఇతను ఈ పనిలో ఉండకూడదు.”

“మీరు చెప్పింది న్యాయమే ఆంటీ,” అన్నాడతను.

అమ్మాయికి ఇక ఆగలేదు.

“నీళ్లు పోసింది నేనమ్మా.”

“నువ్వా? నీకక్కడేం పని?”

“నీ బీర గింజలు మొలిచింది అక్కడే. లోపల పోయొద్దని అతను చెప్పాడు. బయట గాలికి చచ్చిపోతాయేమోనని భయపడి నేనే పోశాను. అతను నా తప్పు నెత్తిన వేసుకుంటున్నాడు.”

“అతనికేం పట్టింది నీ తప్పు వేసుకోవడానికి?”

అమ్మాయి కళ్లు మూసుకుంది. ఎదురుగా తల్లి ముఖం లేదు. ఇనప తలుపు ఉంది. దానికి చెప్పడం కాస్త తేలిక.

“నేనంటే ఇష్టం గనక. నాకూ అతనంటే ఇష్టమే. ఎనిమిది రోజుల్నుంచి నీకు చెప్పలేక చస్తున్నాను. అతను ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా, మళ్లీ బయటికొచ్చేదాకా నాకూ ఊపిరాడదమ్మా. నీ భయం నాకూ ఉంది. అయినా అతనే కావాలి. నువ్వు వద్దంటే... నువ్వు వద్దంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు.”

లోపల చప్పుడు లేదు.

పైన చక్రం తిరిగే చప్పుడు కూడా ఆగిపోయింది. స్పీకర్ ఆన్‌లో ఉందని అమ్మాయికి అప్పుడు గుర్తొచ్చింది.

“అమ్మా?”

పలుకు లేదు. గాలి వీచినా ప్రశ్న వేసే మనిషి, ఆకు రాలినా ‘రాలిపోతే?’ అనే మనిషి, ఒక్క ‘పోతే’ కూడా అనడం లేదు. కళ్లు తిరిగాయా? గుండె పట్టేసిందా? చెప్పకూడని వేళ చెప్పి తల్లిని చేతులారా పోగొట్టుకుందా?

తలుపు మీద అరచేత్తో కొట్టింది. “అమ్మా, పలకవే! తిట్టయినా తిట్టు!”

“ఏమన్నారు?” అన్నాడతను ఫోన్లో, గుసగుసగా.

“ఏమీ అనట్లేదు.”

పక్కింట్లో కుక్కరు ఒక విజిల్ వేసింది. కాసేపటికి ఇంకొకటి. లోపల సంచి కదిలిన చప్పుడైంది. ఆవిడ కింద కూర్చున్నట్టుంది. మూడో విజిల్ కూడా వేసి కుక్కరు ఊరుకుంది. అమ్మాయి నుదురు చల్లటి తలుపుకు ఆనించి నిలబడిపోయింది. ఫోన్లో అతని ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది.

“మెయిన్ ఆపాడా?” అంది తల్లి, లోపలినుంచి.

“ఏంటమ్మా?”

“తడిసిన పెట్టె పక్కన నిలబడ్డాడు కదా, మెయిన్ ఆపాడో లేదో అడుగు. ఎవరో ఆపే ఉంటారనుకుని మీ నాన్న స్తంభం ఎక్కాడు. ఈ అబ్బాయిని తన చేత్తో ఆపి, తన కళ్లతో చూసుకుని, అప్పుడు చక్రం పట్టుకోమను. నేనెంతసేపైనా కూర్చుంటాను, నాకేం తొందర లేదు. అల్లుడికి ఏమన్నా అయితే మాత్రం ఈసారి నేను తట్టుకోలేనే తల్లీ.”