ఫిరంగి సంచుల పట్టు

పట్టు ఉడకబెట్టే కాగులో సైన్యం గుడ్డ తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ రామదాసు శవం తేలింది. పట్టి లేపబోతే చర్మం చేతికి ఊడివచ్చింది.

"మర్డర్," అన్నాడు నిఘా విభాగం చీఫ్ నారాయణప్ప. "చైనా యుద్ధం తర్వాత మన ఫిరంగుల మందుసంచులకు ధర్మవరం శ్రీరంగప్ప పట్టు నేస్తున్నాడు. అంతకుముందు ఆ గుడ్డ విదేశీ కంపెనీ నుంచి వచ్చేది. ఇప్పుడెవరో అందులో నైలాన్ కలుపుతున్నారని రామదాసు పసిగట్టాడు. పట్టయితే కాలి బూడిదవుతుంది. నైలాన్ కరిగి ఫిరంగి లోపల అంటుకుని కణకణలాడుతుంది. మరో సంచి పెట్టగానే..."

ఏజెంట్ హనుమక్క మిగతాది వినలేదు. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఓబన్న సరిహద్దులో ఫిరంగి దగ్గరే ఉన్నాడు. మొహం లేని ఓబన్న కళ్ళ ముందు నిలిచాడు.

"ధర్మవరంలో లీనా ఉంది," అన్నాడు చీఫ్. " ఆ విదేశీ కంపెనీ ఏజెంటు వేషంలో మన మనిషి. కోడ్‌వర్డ్: వాన పడిందా?"

శ్రీరంగప్ప మగ్గాల దగ్గర దారం కండెలు చుట్టే కూలిగా చేరింది హనుమక్క. నేసిన గుడ్డలోంచి పోగు లాగి లైటర్ వెలిగించింది. బూడిద రాలలేదు. నల్లటి గట్టి పూస మిగిలింది. గుడ్డ బేళ్ళు అప్పటికే స్టేషన్‌కు వెళ్ళిపోయాయి.

ఆమె ప్లాట్‌ఫారం చేరేసరికి గార్డు పచ్చజెండా ఎత్తుతున్నాడు. పక్కనే శ్రీరంగప్ప, నల్లకళ్ళద్దాల లీనా.

"వాన పడిందా?" రొప్పుతూ అడిగింది హనుమక్క.

లీనా నవ్వింది. ఆమె చేతిలోని లిప్‌స్టిక్ గొట్టం హనుమక్క కడుపుకు ఆనింది. "కరువులో మల్బరీ ఎండితే వీళ్ళకు పట్టుదారం తెప్పించిందే నేను, అందులో నైలాన్ కలిపిందీ నేనే. బండి ఆపితే ఇతను మునుగుతాడు, ఆర్డరు మా కంపెనీకొస్తుంది. ఆపకపోతే నీ కొడుకు పోతాడు."

శ్రీరంగప్ప మొహం పాలిపోయింది. "నైలానా? ఇన్ని మగ్గాలోళ్ళు ఏం తిని బతకల్లక్కా?"

"నా కొడుకు ఆడ ఉండాడన్నా."

ఆయన గార్డు చేతిలో జెండా లాక్కున్నాడు. "మగ్గాలుంటే మళ్ళా నేస్తాం. బిడ్డల్ని యాడ నేస్తామప్పా?"

లీనా అతని వైపు తిప్పిన లిప్‌స్టిక్ తుపాకీ పేలింది. శ్రీరంగప్ప జెండా మీదే కూలిపోయాడు. వక్కాకు సంచిలోంచి హనుమక్క పేల్చిన తూటా లీనా గొంతులో దిగింది. దీనికీ ఓ తల్లి ఉంటుందని హనుమక్కకు తోచింది. అయినా చూపు తిప్పుకోలేదు.

బేళ్ళు దిగాయి. స్టేషన్ మాస్టరు గదిలోంచి హనుమక్క చీఫ్‌కు ఫోన్ చేసింది.

"శభాష్! కానీ గుడ్డ అప్పగించే గడువు దాటింది. ఆర్డరు మళ్ళీ ఆ విదేశీ కంపెనీకే."

"లీనా కంపెనీకా సార్?"

"కంపెనీకి సంబంధం ఉన్నట్టు రుజువు లేదు. నీకేం కావాలో అడుగు, మెడల్ రాస్తాను."

"మెడల్ వద్దు సార్. మా వాణ్ణి వంటశాలకు మార్పించండి."