మూడు ఖాళీ గడులు

తేజస్వి కాగితం మీద పడిన మొదటి టిక్కు ఒక అబ్బాయిది.

బిలాస్‌పూర్ స్టేషన్‌లో బెంచీ దగ్గరికి ఎవరైనా కొత్తవాళ్లు వస్తే, అప్పటికే కూర్చున్నవాళ్లు ఏం చేస్తారో వాళ్లకి తెలియకుండా గమనించి రాయాలి. సైకాలజీ ప్రాక్టికల్ అది. కాగితం మీద నాలుగు వరసలు: జరిగారు, సంచి తీశారు, లేచిపోయారు, చూడనట్టున్నారు.

ఆ అబ్బాయి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పక్కన సంచి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఒక ముసలాయన వచ్చి నిలబడ్డా కదల్లేదు. నాలుగో వరసలో టిక్కు పెట్టింది.

కాసేపటికి అతనే లేచి వచ్చాడు. "తేజస్వివి నువ్వేనా? నేను ప్రతాప్‌ని. మేడమ్ మనిద్దర్నీ జోడీ వేశారు." అంతలో కాగితం చూశాడు. "ఏటి, నన్నే రాసీసావా? అచ్ఛా."

ఆమెకి నవ్వొచ్చింది. రైల్వే క్వార్టర్లో నాన్న మాట కూడా అచ్చం ఇలాగే, హిందీ కలిసి ఉంటుంది. కానీ అమ్మమ్మ ఊళ్లో చదువుకుని కాలేజీకే ఇక్కడికి వచ్చిన పిల్ల. అబ్బాయిలతో ఏం మాట్లాడాలో తెలియక తల వంచుకుంది.

ఇద్దరూ దూరంగా కూర్చుని, ఐదు నిమిషాలకో గడి చొప్పున విడివిడిగా నింపాలి. నూటికి ఎనభై గడులు కలవకపోతే జోడీ మార్చేస్తానని మాధవీలత మేడమ్ ముందే చెప్పారు.

అలా పది సాయంత్రాలు. మధ్యలో బెంచీ, అటు అతను, ఇటు ఆమె. పని అయ్యాక టీ తాగుతూ అతను లోకోషెడ్‌లో వాళ్ల నాన్న చేసే డ్యూటీ గురించి చెప్పేవాడు. నాలుగో రోజుకి ఆమె జవాబివ్వడం మొదలుపెట్టింది. ఏడో రోజుకి, జోడీ మారకుండా ఉంటే చాలని దేవుడికి మొక్కుకుంది.

చివరి రోజు వాన పడింది. రేకుల అంచు నుంచి కారుతున్న నీళ్లకి అతను చెయ్యి చాపి, తడి చేత్తో జుట్టు వెనక్కి తోసుకుంటూ ఇటు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అతనూ తిప్పుకోలేదు.

మర్నాడు మేడమ్ ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. అన్నీ బాగానే కలిశాయి. మరీ బాగా కలిశాయి.

"నిన్న నాలుగూ ఇరవై నుంచి మూడు గడులు ఖాళీ. ఇద్దరివీ అవే. ఎందుకు?"

గూడ్సు బండి అడ్డమొచ్చిందన్నాడు ప్రతాప్. బెంచీకి అడ్డం రావడానికి బండి ప్లాట్‌ఫారం ఎక్కిందా అని అడిగారు మేడమ్. ఒకరిది చూసి ఒకరు రాస్తే ప్రాక్టికలే కొట్టేస్తానన్నారు.

తేజస్వి తల ఎత్తింది.

"చూసి రాయలేదు మేడమ్. ఆ పదిహేను నిమిషాలూ నేను బెంచీని చూడలేదు. ఇతన్ని చూశాను."

ఇంత పొడుగు మాట ఆమె కాలేజీలో ఎప్పుడూ మాట్లాడలేదు.

"నేను కూడా, మేడమ్," అన్నాడు ప్రతాప్ నెమ్మదిగా.

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చూడనిది చూడలేదని చెప్పడం కూడా పద్ధతిలో భాగమే అన్నారు. రిపోర్టులో 'లోపాలు' కింద కారణం రాయమన్నారు. ఆ మూడు గడులూ రేపు మళ్లీ నింపమన్నారు. వెళ్లబోతుంటే, జోడీ మార్చనని కూడా అన్నారు.

మరుసటి సాయంత్రం ఆమె వెళ్లేసరికి అతను బెంచీ మీదే ఉన్నాడు, పక్కన సంచితో. ఆమె వచ్చి నిలబడింది. అతను సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆమె కూర్చుంది.

"టిక్కు పెట్టవేటి?"

"పెట్టాను," అంది, కాగితం బయటికి తీయకుండానే.